వేలికి దొరికిన అక్షరం

"ఈ చెప్పులన్నీ ఎవరివి?"

బడి నుంచి వచ్చిన టీచరమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. గుమ్మం ముందు చిన్న చిన్న చెప్పులూ బూట్లూ గుట్టపోసినట్టు పడి ఉన్నాయి. అందులో ఒక ఎర్రబూటు లేసు ఆ మధ్యాహ్నమే తాను ముడి వేసింది. రెండు ముడులు. ఇంకా ఊడలేదు.

వరండాలో కుట్టుమిషను ముందు కూర్చున్న అత్తగారు తలెత్తలేదు.

"నన్నడక్కు తల్లీ. పిల్లలకి మంచినీళ్ళిచ్చిన పాపం తప్ప నాకేం తెలీదు. మిగతాది నీ మొగుణ్ణి అడుగు."

ముందుగదిలో చాపల మీద పద్నాలుగు మంది. అందరూ ఆమె మూడో తరగతి పిల్లలే. ఆమెను చూడగానే లేచి నిలబడి, పొద్దున బళ్ళో తీసిన రాగమే తీస్తూ "నమస్కారం టీచర్" అన్నారు.

గోడ పక్కన ఆమె భర్త నిలబడి ఉన్నాడు. వీధిలో అందరికీ ఆయన మేస్త్రి. ముప్పై ఏళ్ళుగా తలుపులూ కిటికీలూ బీరువాలూ చేసిన చెయ్యి. చంకలో కొత్తగా చిత్రిక పట్టిన బోర్డు చెక్క, మొహంలో పెళ్ళికొడుకు కళ.

"నువ్వొచ్చేసరికి అంతా సిద్ధం చేశా. బోర్డు మీద ఏం రాయించాలో నువ్వే చెప్పు. ట్యూషను అంటే చాలా, నీ డిగ్రీ కూడా వెయ్యాలా?"

టీచరమ్మ భుజాన ఉన్న సంచీ దించలేదు. ఆయన్ని చూసింది, పిల్లల్ని చూసింది. తర్వాత బళ్ళో వాడే గొంతుతోనే చెప్పింది.

"పిల్లలూ, ఇవాళ మీరు టీచరుగారింటికి చుట్టపుచూపుగా వచ్చారు. సంతోషం. బామ్మగారు తలా రెండు బిస్కెట్లు ఇస్తారు. తిని ఇళ్ళకెళ్ళండి. చదువు రేపు బళ్ళోనే."

"మరి ట్యూషనో టీచర్?" ముందు వరసలోంచి ఒక పిల్ల అడిగింది. బడంతా దాన్ని గలగల అంటారు. నోరు మూస్తే ఊపిరాడదన్నట్టు మాట్లాడుతుంది. "మా నాన్న వ్యాను ఇటు తిప్పి మరీ దింపాడు టీచర్. ఇవాళ్టి నుంచి నాకు చదవడం వచ్చేస్తుందన్నాడు. వచ్చేస్తే మా అత్తకి ఉత్తరం..."

"రేపు బళ్ళో, తల్లీ."

గలగల ఇంకొక్క మాట మాట్లాడకుండా బిస్కెట్లు తీసుకుని వెళ్ళిపోయింది. టీచరమ్మకు అది పిల్లలందరి గోలకంటే పెద్దగా వినిపించింది.

ఆఖరి పిల్ల వీధిమలుపు తిరిగాక టీచరమ్మ భుజాన ఉన్న సంచీ దించింది.

"నన్నొక్క మాట అడగాల్సింది," అంది ఆమె.

"అడిగితే వద్దంటావు."

"వద్దంటానని తెలిసీ పిలిచారా?"

"తెలిసే పిలిచా. పిల్లలొచ్చి కూర్చున్నాక కాదనలేవనుకున్నా. కాదనగలవని ఇవాళ తెలిసింది." మేస్త్రి బోర్డు చెక్కను గోడకు ఆనించాడు. "ఊళ్ళో ట్యూషను చెప్పని టీచరెవరో చూపించు. ఇంట్లోనే కూర్చుని, సాయంత్రం రెండు గంటలు. టీచరుకి ఇంతకంటే తగిన వ్యాపారం ఉంటుందా?"

"ఎవరికి తగినా నాకు తగదు. వేరే బడి పిల్లలైతే ఆలోచిద్దును. నా క్లాసు పిల్లలకి నేనే ఇంట్లో చదువు అమ్ముతానా? పొద్దున చెప్పాల్సిన దాంట్లో సగం నాకు తెలీకుండానే నాలుక కింద దాచుకుంటాను. ట్యూషనుకి రాని పిల్ల చెయ్యెత్తితే నా కన్ను అటు పోదు."

"నువ్వలా చేసే మనిషివి కాదు."

"కాను కాబట్టే మొదలుపెట్టను."

"నీ గౌరవం పొయ్యి మీద పెడితే ఉడుకుతుందా?"

"ఉడకదు. అది పోయాక ఉడికింది మాత్రం గొంతు దిగదు."

వరండాలో మిషను చప్పుడు ఆగింది. అత్తగారి చెవులు ఇటే ఉన్నాయని ఇద్దరికీ తెలుసు.

మేస్త్రి గొంతు తగ్గించాడు. "షాపు మూసి రేపటికి నెలా పదిరోజులు. తలుపులు ఫ్యాక్టరీ నుంచి లారీల్లో దిగుతున్నాయి. ఏ ఇంటికి చూసినా అదే తలుపు, అదే పిడి. నా చేతికి పని లేదు. పెళ్ళాం జీతం మీద కూర్చున్నాడని ఎవడైనా అనేలోపల..."

"ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు. నేనే అనుకుంటున్నా. రోజూ, గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో చూసి."

ఆమెకు ఆయన దగ్గరకు వెళ్ళి చెయ్యి వెయ్యాలనిపించింది. కానీ పద్నాలుగు మంది పిల్లల్ని గుమ్మం నుంచి వెనక్కి పంపిన కోపం ఇంకా ఆరలేదు. ఆయన చెక్క ఎత్తుకుని పెరట్లో రేకుల షెడ్డులోకి పోయాడు. షాపులోంచి తెచ్చిన పనిముట్లన్నీ అక్కడే గోనెపట్టాల కింద పడుకుని ఉన్నాయి.

ఆ రోజు మొదలైన మౌనం తొమ్మిది రోజులు నడిచింది.

మాటలు మాత్రం ఆగలేదు. అన్నీ అత్తగారి మీదుగా పోయేవి.

"అత్తయ్యా, మీ అబ్బాయిగారిని భోజనానికి రమ్మనండి."

"అమ్మా, ఆకలి లేదని మీ కోడలికి చెప్పు."

"అత్తయ్యా, ఆకలి లేనివాళ్ళు మధ్యాహ్నం గిన్నె ఎందుకు ఖాళీ చేశారో కనుక్కోండి."

"నేనేమన్నా పోస్టుమేన్నా?" అని విసుక్కుంది అత్తగారు మూడో రోజున. "పోస్టుమేనుకి కనీసం సైకిలు ఇస్తారు."

కోడలి మీద ఆమెకు జాలీ ఉంది, గర్వమూ ఉంది. వీధిలో ఎవరైనా కూరలబండి దగ్గర పలకరిస్తే "మా కోడలు టీచరు" అన్న తర్వాతే తన ఆరోగ్యం సంగతి చెప్పే మనిషి. ఆ సాయంత్రం బొత్తాలు కుడుతూ కోడల్ని ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఆ దిండు గలీబుల వ్యాపారం నా ఐడియానే. ఒప్పుకుంటా."

పోయిన నెల సంగతది. అత్తగారు కుట్టిన గలీబులు ఇంట్లోనే అమ్ముదామనుకున్నారు. మొదట వచ్చింది క్లాసులో ఒక పిల్ల తల్లి. అసలు గలీబుల వంక చూడకుండా, టీచరమ్మ మొహమే చూస్తూ మూడు తీసుకుని, "మా పిల్ల బాగానే చదువుతోంది కదండీ?" అని భయం భయంగా అడిగింది. టీచరమ్మ ఆ మూడూ వెనక్కి తీసుకుని, టీ ఇచ్చి పంపింది. మిగిలినవి బీరువా ఎక్కాయి.

"సరే, ఏది తగుతుందో ఇవాళ తేల్చుదాం," అంది అత్తగారు. "నీకేం వచ్చో చెప్పు."

"చెప్పడం వచ్చు."

"అది కాక?"

టీచరమ్మ ఆలోచించింది. "ఓపిక."

"ఓపిక కిలో ఎంతకమ్ముతారో తెలిస్తే నేనెప్పుడో మేడ కట్టేదాన్ని," అంది అత్తగారు, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఆ ఆదివారం పొద్దున గలగల తండ్రి వచ్చాడు. బడి వ్యాను నడిపే మనిషి. చేతిలో తాళాల గుత్తి తిప్పుతూ వరండా మెట్టు దగ్గరే నిలబడ్డాడు.

"కోపంగా రాలేదమ్మా. అడిగిపోదామని వచ్చా. మా పిల్లని వెనక్కి పంపేశారంట."

"అందర్నీ పంపేశాను. లోపలికి రండి."

"మా పిల్ల మొద్దు కాదమ్మా."

"మొద్దా? మొద్దయితే నన్ను ఏడు నెలలు మోసం చెయ్యగలిగేదా?"

వ్యాను డ్రైవరుకు అర్థం కాలేదు. టీచరమ్మ నెమ్మదిగా చెప్పింది. గలగలకు వాచకం మొత్తం నోటికి వచ్చు. పక్క పిల్లలు చదువుతుంటే చెవితో పట్టేసింది. వేలు వరస వెంట జరుపుతూ గడగడా అప్పజెబుతుంటే చదువుతోందనే అనుకుంది తాను. పది రోజుల కింద ఆ పిల్ల పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాఠం ఆఖరిదాకా చదివింది. ఒక్క తప్పు లేదు.

"ఒక్క అక్షరం రాదా?" తండ్రి చేతిలో తిరుగుతున్న తాళాల గుత్తి ఆగింది.

"కొన్ని వచ్చు. ప, వ ఒకటే అంటుంది. మ, య ఒకటే అంటుంది. ఇన్నాళ్ళూ కనిపెట్టకపోవడం నా తప్పు. మీ పిల్లది కాదు, మీదీ కాదు."

"అందుకేనమ్మా ట్యూషను..."

"ట్యూషను మాటొద్దు. రేపటి నుంచి భోజనాల గంటలో నా పక్కన కూర్చుంటుంది. అది నా పని. నా జీతంలోనే ఉంది."

ఆయన దణ్ణం పెట్టబోయాడు. ఆమె ఆ చేతుల్లో మంచినీళ్ళ గ్లాసు పెట్టింది.

అయితే మాట ఇచ్చినంత తేలిక కాలేదు పని. పలక మీద రాయించింది. ఇసుకలో దిద్దించింది. బంకమట్టితో చేయించింది. గలగల అన్నీ సరదాగా చేసింది, అన్నీ మరిచిపోయింది.

"చూడు తల్లీ, ప ఒంటికి తలకట్టు తగలదు. వ ఒంటికి తగులుతుంది. చూశావా?"

"చూశాను టీచర్. ఇదీ టోపీ పెట్టుకుంది, అదీ టోపీ పెట్టుకుంది. ఇద్దరూ అక్కచెల్లెళ్ళు టీచర్. మా పిన్నీ మా అమ్మా కూడా..."

చూస్తే దొరకడం లేదు ఈ పిల్లకి. మరి దేనికి దొరుకుతుంది?

శనివారం మధ్యాహ్నం మేస్త్రి ఎవరింట్లోనో మంచంకోడు బాగు చెయ్యడానికి వెళ్ళిన సమయం చూసి, టీచరమ్మ పెరట్లో షెడ్డు తలుపు తీసింది. గోనెపట్టా లాగి ఒక చెక్కముక్క తీసుకుంది. సుద్దముక్కతో దాని మీద పెద్ద 'ప' గీసింది. సన్నరంపం ఒకటి కనబడితే చేతికి తీసుకుని, గీత వెంబడి కొయ్యడం మొదలుపెట్టింది.

రంపం ముందుకు పోదు, వెనక్కి రాదు. చెక్క ఎగిరెగిరి పడుతోంది. సగం కోసేసరికి ప కాస్తా పగిలిన కుండ పెంకులా తయారైంది. ఆమె నుదుటి మీద చెమట, మునివేళ్ళ మీద ఎర్రటి గీతలు.

"రంపం పట్టుకునేది అలాగా? గరిటెలాగా?"

గుమ్మంలో మేస్త్రి. తొమ్మిది రోజుల తర్వాత అదే మొదటి మాట. భార్య మీద కోపాన్ని ఎన్నాళ్ళయినా మోయగలడు గానీ రంపం అలా అరుస్తుంటే ఆయన వల్ల కాలేదు.

"ఎలా పట్టుకోవాలో ఎవరైనా చెబితేగా?"

"అడిగితేగా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తర్వాత ఇద్దరూ ఒప్పుకోలేదు.

"ఇదేంటి?" చెక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ప."

"అబ్బో. దీనికేమైంది పాపం, పక్షవాతమా?"

ఆమె గలగల సంగతి చెప్పింది. కంటికి దొరకని అక్షరం వేలికి దొరుకుతుందేమోనని ఆశ అని చెప్పింది. మేస్త్రి వింటూ వింటూ పీట మీద కూర్చున్నాడు. ఆమె కోసిన ముక్క అంచు వెంట బొటనవేలు నడిపాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఇలా కోస్తే లాభం లేదు. అంచు తెలుస్తుంది గానీ రాసే దారి తెలీదు. వేలు పోవాల్సింది గీత లోపల. గాడి తవ్వాలి."

ఇంకో చెక్క తీశాడు. నాలుగుసార్లు చిత్రిక పట్టేసరికి అది అద్దంలా తయారైంది. గుండ్రటి మొన ఉన్న ఉలి అందుకున్నాడు. చెయ్యి ఆగింది.

"మొదలెక్కడ?"

"ఇక్కడ. ఇలా దిగి, అడుగున తిరిగి, ఇలా ఎక్కి ఇక్కడ ఆగాలి. చెయ్యెత్తి, అప్పుడు తలకట్టు."

ఆయన ఉలి పెట్టలేదు. ఆ చోటునే చూస్తూ ఉండిపోయాడు.

"నాకెవరూ చెప్పలేదే ఇది."

"ఏది?"

"అక్షరానికి మొదలుంటుందని. మా మాస్టారు బెత్తానికి మొదలూ చివరా రెండూ చూపించాడు గానీ, అక్షరానికి చూపించలేదు. నేను బొమ్మ గీసినట్టు గీసేవాణ్ణి, ఒకసారి కింద నుంచి, ఒకసారి పక్క నుంచి. ఐదో క్లాసుతో ఇక చాలనుకున్నా."

పెళ్ళయి ఇరవై ఏళ్ళు. బోర్డు మీద ఏం రాయించాలన్నా, ఏ కాగితం నింపాలన్నా ఆయన "నువ్వే చూడు" అనేవాడు. బద్ధకం అనుకుంది ఇన్నాళ్ళూ. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఉలి మొనను మొదలు దగ్గర ఆనించింది.

గాడి తవ్వడం మొదలయ్యాక మాత్రం ఆమె చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. ప అయింది. వ మొదలైంది. సగంలో ఆయన తలెత్తాడు.

"అయితే వ అంటే అతుకున్నది, ప అంటే అతుకు లేనిది. అంతేనా?"

"అంటే?"

"ఒళ్ళూ తలకట్టూ. వ లో రెండూ అతికి ఉన్నాయి, ప లో విడిగా ఉన్నాయి. అందుకని ప లో మధ్యన చిన్న గట్టు వదిలా. అక్కడ వేలు ఎగిరి దూకాలి. వ లో దూకక్కర్లేదు, జారిపోతుంది. కళ్ళు మూసుకుని చూడు."

టీచరమ్మ కళ్ళు మూసుకుంది. చూపుడువేలు గాడిలో దిగింది, తిరిగింది, ఎక్కింది. గట్టు తగిలింది. దూకింది. ఇంకో చెక్క. దిగింది, తిరిగింది, ఆగకుండా తలకట్టులోకి జారిపోయింది.

"పందొమ్మిదేళ్ళుగా పిల్లల్ని 'చూడండి, చూడండి' అంటున్నాను," అంది కళ్ళు తెరవకుండానే. "ఇది నాకొక్కసారి కూడా తట్టలేదండీ."

మేస్త్రి గబగబా గరుకుకాగితం తీసుకుని, అప్పటికే నున్నగా ఉన్న చెక్కను మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

సోమవారం భోజనాల గంటలో గలగల కళ్ళకు టీచరమ్మ చేతిరుమాలు కట్టింది. వేలు పట్టుకుని గాడిలో పెట్టింది.

"జారింది టీచర్," అంది గలగల. రెండో చెక్క మీద వేలు ఠక్కున ఆగింది. పిల్ల నోరు కూడా ఆగింది. మెల్లగా గట్టు దాటింది. "దూకింది! టీచర్, ఇది దూకింది! ఇద్దరూ వేరే వేరే టీచర్!"

ఆ వారమంతా క్లాసులో అదే ఆట. తర్వాతి వారానికి మ, య కూడా తయారయ్యాయి. మూడో వారానికి గలగలకు చెక్కలతో పని లేకపోయింది. పుస్తకం వంక చూస్తూ బల్ల మీద ఖాళీగా వేలు తిప్పుకునేది. దూకిందో జారిందో తేల్చుకుని పైకి చదివేది. పుస్తకం ఈసారి తిన్నగా ఉండేది.

ఒక శుక్రవారం బడి వదిలాక గేటు దగ్గర వ్యాను ఎక్కబోతూ ఆ పిల్ల ఆగిపోయింది. గేటు పక్క గోడ మీద ఏనాడో రాసిన పెద్ద నల్ల అక్షరాలు. వెనక నుంచి పిల్లలు తోస్తున్నా కదల్లేదు. వేలు గాలిలో తిరుగుతోంది.

"ఇక్కడ... బండ్లు... ఆ... దూకింది, ప... జారింది, వ... ఆపవద్దు."

వెనక్కి తిరిగింది. "నాన్నా! 'ఇక్కడ బండ్లు ఆపవద్దు' అని రాసుంది. నువ్వు రోజూ ఇక్కడే ఆపుతున్నావు!"

వాచ్‌మన్ నవ్వాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. డ్రైవరు మాత్రం స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూతుర్ని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఇంజను స్టార్ట్ చేసి, ఎంతో మర్యాదగా వ్యాను పది గజాలు ముందుకు తీసుకెళ్ళి ఆపాడు. దిగి మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"తప్పు ఒప్పుకుంటున్నానమ్మా," అన్నాడు టీచరమ్మతో. "మా పిల్ల చదివాక ఒప్పుకోక చస్తానా?"

వ్యాను తిరిగే దారుల్లో ఆ వార్తా తిరిగింది. పక్క పేటలో ఇంకో బడి. అక్కడ ఒకటో తరగతి చెప్పే టీచరు వారం తిరక్కుండా ఇంటికే వచ్చింది. చెక్కలన్నీ చేత్తో తడిమి చూసి, "అక్షరాలన్నీ కావాలి. ఎంతకిస్తారు?" అంది.

మేస్త్రి భార్య వంక చూశాడు. ఈసారి అడిగాడు. "ఏమంటావు? ఇది నీకు తగుతుందా?"

టీచరమ్మ ఆ టీచరు వెళ్ళాక చెప్పింది.

"తగుతుంది. మన బడికి మాత్రం ఊరికే ఇద్దాం. నా పిల్లల ఇళ్ళ నుంచి ఏమీ వద్దు. బయటి బళ్ళకి, అడిగినవాళ్ళకి అమ్ముదాం. రేపే బళ్ళో పెద్దమేడానికి ఈ సంగతి కాగితం మీద రాసిస్తాను. దాపరికం లేకుండా."

"అంటే ఎట్టకేలకి ఓపికే అమ్ముతున్నారన్నమాట," అంది అత్తగారు మిషను మీంచి. "సంచులు నేను కుడతా. అచ్చులకో సంచి, హల్లులకో సంచి. బొత్తాలు కూడా వేస్తా, నా దగ్గర బోలెడున్నాయి."

గోనెపట్టాలు తొలగిపోయాయి. పెరట్లో రోజూ చిత్రిక చప్పుడు. టీచరమ్మ బడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని షెడ్డులో కూర్చునేది. సుద్దతో అక్షరం గీసి, బాణం గుర్తుతో మొదలు చూపించేది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ దూకాలో ఇద్దరూ వాదించుకునేవారు. ఒకోసారి ఆమె గెలిచేది. ఎక్కువసార్లు ఆయన వేలు గెలిచేది.

ఒకరోజు పూర్తయిన 'ఫ' ఒకటి మేస్త్రి పక్కకు విసిరేశాడు.

"బాగానే ఉందిగా?" అంది ఆమె.

"గట్టు పల్చబడింది. వేలికి అబద్ధం చెబుతుంది."

ఆ మాట విని టీచరమ్మ చాలాసేపు ఆయన్నే చూసింది. ఫ్యాక్టరీ తలుపులు లారీల్లో దిగుతున్న ఊళ్ళో ఒక అక్షరం వేలికి అబద్ధం చెప్పకూడదని పట్టుబట్టే మనిషి తన ఇంట్లో ఉన్నాడు. ఈయనేనా, పెళ్ళాం జీతం మీద కూర్చున్నానని రోజూ అద్దంలో చూసి అనుకున్నది?

మొదటి రెండు సంచులు పక్క పేట బడికి వెళ్ళిన వారానికి, ఒక సాయంత్రం గేటు చప్పుడైంది. వచ్చింది బడి పెద్దమేడం. ఆమె ఎవరింటికీ రాని మనిషి. అత్తగారు మిషను మీద బట్టలన్నీ ఒక్క ఊపులో తీసేసి కుర్చీ తుడిచింది.

పెద్దమేడం కూర్చోకుండానే సంచీలోంచి ఒక కవరు తీసింది.

"విద్యాశాఖ నుంచి ఉత్తరం. పక్క పేట బడిలో మీ చెక్కలు చూశారట. వచ్చే నెల టీచర్ల శిక్షణ ఉంది. అరవై మంది వస్తారు. ఈ చెక్క అక్షరాలతో ఎలా నేర్పాలో గంటసేపు మీరు చెప్పాలట. మన బడి నుంచి ఇలా పిలుపు రావడం ఇదే మొదటిసారి, తెలుసా?" ఎప్పుడూ నవ్వని ఆ మొహం మీద నవ్వు ఆగడం లేదు. "ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టండి."

టీచరమ్మ ఉత్తరం ఆసాంతం చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. కలం అందుకోలేదు.

"ఇందులో నా పేరొక్కటే ఉంది మేడం."

"మీదే కదా మరి?"

"గట్టు వదలాలని కనిపెట్టింది నేను కాదు. దూకడం, జారడం నాకు తట్టినవి కావు. ఆయనవి. చెప్పాల్సింది ఆయన. నేను పక్కన నిలబడతాను."

పెద్దమేడం ఇబ్బందిగా సర్దుకుంది. "అది టీచర్లకి పెట్టిన శిక్షణమ్మా. మాట్లాడేవాళ్ళు కూడా టీచర్లే అయ్యుండాలని రూలు. బయటివాళ్ళని..."

"అయితే నేనూ రాను."

చెప్పిన తీరులో కోపం లేదు. పిల్లలకు సెలవు ఎప్పుడో చెప్పినంత మామూలుగా చెప్పింది. అత్తగారు వేలికి సూది గుచ్చుకుని "అమ్మా" అంది.

పెరటి గుమ్మంలో చప్పుడు. మేస్త్రి నిలబడి ఉన్నాడు. చేతిలో ఉలి, చొక్కా నిండా చెక్కపొట్టు. ఎప్పటి నుంచి వింటున్నాడో తెలియదు.

"ఆవిడ వస్తుంది మేడం," అన్నాడు. "అరవై మంది టీచర్ల ముందు నా భార్య నిలబడాలి. నేను ఆఖరి వరసలో కూర్చుని చూడాలి. నాకది చాలు. ఆవిణ్ణి నేనొప్పిస్తాను."

"ఎలా ఒప్పిస్తారో నేనూ చూస్తాను," అంది టీచరమ్మ.

"ఐదో క్లాసు చదివినవాణ్ణి, టీచర్లకి నేనేం చెబుతాను?"

"అక్షరానికి మొదలుంటుందని మీకెవరూ చెప్పలేదన్నారే, అది చెప్పండి. అరవై మందిలో ఒక్కరూ ఆ మాట విని ఉండరు."

మేస్త్రి ఉలిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

పెద్దమేడం ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఉత్తరం మడిచి కవర్లో పెట్టబోయి, మనసు మార్చుకుని, విప్పి బల్ల మీద పరిచింది. రూలు ఉన్న వరస మీద కలం అడ్డంగా పెట్టి, తుడిచి ఉంచిన కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది.

"నాకేం తొందర లేదు," అంది. "మీ ఇద్దరూ తేల్చుకోండి. ఆ తర్వాత ఈ రూలు సంగతి నేను తేలుస్తాను."